దవడ కీలులో ఇంజెక్షన్: ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు

(ఆలయ ఆరోగ్య సంఘం తరఫున ఆదివారం ప్రసాద వితరణ తర్వాత సభామందిరంలో చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోరికపై ప్రచురిస్తున్నాం.)



మేమిద్దరం కలిసి మీ ముందు నిలబడడానికి కారణం ఉంది. మాలో ఒకరు కీళ్ళ జబ్బులు చూసే రుమటాలజిస్టు, ఒకరు దంతవైద్యులు. దవడ కీలు నొప్పి వచ్చినవాళ్ళు మాలాంటి ఇద్దరి మధ్య తిరుగుతూ ఉంటారు. డెంటిస్టు దగ్గరికి వెళితే "పళ్ళు బాగానే ఉన్నాయండీ, మీ డాక్టరుని అడగండి" అంటారు. డాక్టరు చేతి వేళ్ళూ మోకాళ్ళూ చూసి, "దవడా? అది డెంటిస్టు చూడాలి" అంటారు. ఈలోగా ఆ మనిషి ముందు జంతికలు మానేస్తారు, తర్వాత చపాతీ మానేస్తారు, చివరికి పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు. మన ఇళ్ళలో అమ్మలు, అత్తయ్యలు నొప్పిగా ఉందని ఓ పట్టాన చెప్పరు. "ఆకలిగా లేదమ్మా" అంటారు. అందుకే ఇవాళ ఈ విషయం ఎంచుకున్నాం.

చెప్పదలచుకున్న సారం ముందే చెప్పేస్తాం. కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, దవడకి కూడా వస్తుంది. ఆ కీలులో ఇంజెక్షన్ ఇవ్వచ్చు, కొందరికి అది బాగా పనిచేస్తుంది. కానీ అది ఒక్క కీలుకి కొంతకాలం ఇచ్చే ఉపశమనమే. జబ్బుకి అసలు మందు వేరే ఉంది. దాన్ని ఆపి ఇంజెక్షన్ మీద ఆధారపడకూడదు. ఇంజెక్షన్ అంటే భయపడి నోరు మూసుకుపోయేదాకా ఆగకూడదు.

ఆ కీలు ఎక్కడుంది?

అందరూ చూపుడు వేలు చెవి రంధ్రానికి కాస్త ముందు పెట్టి, నోరు తెరిచి మూయండి. వేలి కింద ఏదో జారుతున్నట్టు తెలుస్తుంది కదా? అదే దవడ కీలు. దీన్ని ఇక్కడ టీఎంజే అంటారు. తలుపు బందులా తిరగడమే కాకుండా, సొరుగులా ముందుకీ వెనక్కీ జారడం కూడా ఈ కీలు పని. లోపల మధ్యలో ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. అది కీలుని పై గది, కింది గది అని రెండుగా విడదీస్తుంది. పై గదిలో పట్టే ద్రవం సుమారు ఒక మిల్లీలీటరు, అంటే టీస్పూనులో ఐదో వంతు. ఇంజెక్షన్ వెళ్ళాల్సింది అంత చిన్న చోటుకి.

కీళ్ళవాతంలో మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ళ లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనీ తినేస్తుంది. ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. సాధారణంగా చేతివేళ్ళు, మణికట్లు, పాదాల్లో మొదలవుతుంది. దవడ దాకా తర్వాత వస్తుంది. మోకాలు వాస్తే ఇంట్లో అందరికీ కనిపిస్తుంది, దవడ వాపు మాత్రం పైకి కనబడదు. అందుకే ఆలస్యంగా బయటపడుతుంది.

ఇంట్లో గమనించాల్సినవి ఇవి. పొద్దున్న లేవగానే దవడ బిగుసుకుపోయి, గంటకి పైగా వదలకపోవడం. రెండువైపులా చెవి ముందు నొప్పి. నమలడం మొదలుపెట్టిన కాసేపటికే అలసట. సహస్రనామ పారాయణ చేసేవాళ్ళూ, కీర్తనలు పాడేవాళ్ళూ మధ్యలో దవడ లాగేస్తోందని ఆపేయడం. ముందు పళ్ళు కలవకుండా సందు ఏర్పడడం. ఇంతకాలం పంటితో దారం తెంపిన మనిషి ఇప్పుడు కత్తెర వెతుకుతున్నారంటే, అది చిన్న విషయం కాదు. ఎముక అరిగితే అలా జరుగుతుంది.

మూడు వేళ్ళ పరీక్ష ఒకటి ఉంది. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి మీ నోట్లో పట్టించండి. మీ వేళ్ళే కావాలి, పక్కవాళ్ళవి కాదు! మూడూ పడితే మంచిది. రెండే పడుతున్నాయంటే డాక్టరుకి చెప్పండి.

ప్రతి దవడ నొప్పీ కీళ్ళవాతం కాదు

ఇది కూడా గట్టిగా చెప్పాలి. ఎక్కువమందికి దవడ నొప్పి కండరాల వల్లో, రాత్రిపూట పళ్ళు కొరకడం వల్లో, లోపలి బిళ్ళ జారడం వల్లో వస్తుంది. వాటికి చాలావరకు విశ్రాంతి, వేడి కాపడం, వ్యాయామం చాలు. కీళ్ళవాతం అవునో కాదో తేల్చడానికి రక్తపరీక్షలు, చేతులూ పాదాల పరీక్ష, అవసరమైతే దవడకి ఎమ్మారై చేస్తారు. లోపల వాపు ఇప్పుడు రగులుతోందా అన్నది ఎమ్మారైలో బాగా తెలుస్తుంది. ఎముక ఎంత అరిగిందో చూడడానికి సీటీ మేలు.

రెండు సందర్భాల్లో మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగవద్దు. యాభై దాటినవాళ్ళకి నమిలేటప్పుడు దవడ నొప్పి, దానితో కొత్తగా తలనొప్పి, తల దువ్వుకుంటే నొప్పి, చూపు మసక ఉంటే అది కణత దగ్గరి రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యమైతే చూపు పోతుంది. అలాగే నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడ లాగి, చెమట, ఆయాసం, ఛాతీలో బరువు వస్తే అది గుండెపోటు కావచ్చు. వెంటనే 911కి ఫోన్ చేయండి.

ఈ ఇంజెక్షన్ ఎలా వచ్చింది?

దీని వెనక కథ ఈ దేశంలోనే జరిగింది. మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లోని మేయో క్లినిక్‌లో 1948 సెప్టెంబరులో డాక్టర్ ఫిలిప్ హెంచ్ బృందం, కీళ్ళవాతంతో మంచాన పడిన ఒక యువతికి కార్టిజోన్ అనే కొత్త మందు ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కీ, ఆయనతోపాటు కెండల్, రైఖ్‌స్టైన్‌లకీ నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ మందు ఒళ్ళంతా పాకేలా నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగరు పెరగడం మొదలైంది. మందు ఒళ్ళంతా ఎందుకు, వాచిన కీలులోకే పంపితే పోలా అని ఫిలడెల్ఫియాలో డాక్టర్ జోసెఫ్ హాలండర్ ఆలోచించి, 1951లో హైడ్రోకార్టిజోన్‌ని కీళ్ళలోకి ఇచ్చిన ఫలితాలు ప్రచురించారు. ఇవాళ మోకాలికీ, భుజానికీ, దవడకీ ఇచ్చే స్టిరాయిడ్ ఇంజెక్షన్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

అసలు ఎలా ఇస్తారు?

సాధారణంగా ఓరల్ సర్జన్ ఇస్తారు. కొన్నిచోట్ల ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ లేదా సీటీ సాయంతో రేడియాలజిస్టు ఇస్తారు. పెద్దవాళ్ళకి మామూలుగా క్లినిక్‌లోనే అయిపోతుంది. చెవి ముందు చర్మం శుభ్రం చేసి, మత్తు ఇస్తారు. నోరు తెరవమంటారు. అప్పుడు దవడ ఎముక ముందుకు జారి, వెనక ఖాళీ ఏర్పడుతుంది. సన్నని సూది ఆ ఖాళీలోంచి పై గదిలోకి వెళుతుంది. కొందరికి ముందు రెండు సూదులతో సెలైన్ పంపి కీలుని కడిగి, ఆ తర్వాత మందు వేస్తారు. దవడకి ఇలా కడిగే పద్ధతి 1991లో ప్రచారంలోకి వచ్చింది. మందు సాధారణంగా ట్రయామ్సినలోన్ లేదా మిథైల్‌ప్రెడ్నిసొలోన్.

ఆ పూటే ఇంటికి రావచ్చు. కొద్దిమందికి మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి పెరుగుతుంది. ఐసు పెట్టుకుంటే తగ్గుతుంది. మత్తు ప్రభావం వల్ల కొన్ని గంటలు ఒకవైపు కన్ను సరిగా మూతపడకపోవచ్చు. ముఖాన్ని కదిలించే నరం పక్కనే ఉండడం వల్ల అలా అవుతుంది. కంగారు పడక్కర్లేదు, కానీ ఆ పూట కారు నడపకండి. మందు పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ఫలితం కొందరికి వారాలు, కొందరికి నెలలు నిలుస్తుంది. కొందరికి ఆశించినంత ఉండదు.

ఎంతవరకు?

పొయ్యి మీద పాలు పొంగుతుంటే నీళ్ళు చిలకరిస్తాం. పొంగు దిగుతుంది. కింద మంట తగ్గించకపోతే మళ్ళీ పొంగుతుంది. ఈ ఇంజెక్షన్ ఆ నీళ్ళ లాంటిది. పొంగుతున్నప్పుడు అది అవసరమే, దాన్ని తీసిపారేయలేం. కానీ అరిగిపోయిన ఎముకని అది మళ్ళీ మొలిపించదు. పదేపదే ఇస్తే మృదులాస్థికే చేటు. మోకాలి లాంటి పెద్ద కీలుకే ఏడాదికి మూడు నాలుగు మించకూడదంటారు. దవడ విషయంలో ఇంకా పొదుపుగా ఉండాలి. ఒకటి రెండుసార్లు ఇచ్చినా మళ్ళీ మళ్ళీ నొప్పి తిరగబెడుతుంటే, ఇంకో ఇంజెక్షన్ అడిగేముందు, లోపలికి తీసుకునే మందు సరిపోతోందా అని అడగాలి.

మరి మంట తగ్గించే ఆ మందు ఏమిటి? కీళ్ళవాతానికి సాధారణంగా మొదట ఇచ్చేది మెథోట్రెక్సేట్. ఇక్కడ మనం గర్వపడాల్సిన సంగతి ఒకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో ఈ దేశం వచ్చారు. హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ తర్వాత ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు తయారుచేసింది. వాటిలో ఒకటే మెథోట్రెక్సేట్. ముందు పిల్లల రక్త క్యాన్సరుకి ఈ రకం మందులు వాడారు. 1951లో అదే కుటుంబానికి చెందిన అమినోప్టెరిన్ కీళ్ళవాతానికి పనిచేస్తుందని తేలింది. 1988లో ఎఫ్‌డీఏ కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్‌ని ఆమోదించింది. కీళ్ళవాతానికి ఈ మందులు వాడడం సుబ్బారావు గారు చూడలేదు. 1948 ఆగస్టులో 53వ ఏట కన్నుమూశారు. మేయో క్లినిక్‌లో ఆ యువతికి మొదటి కార్టిజోన్ ఇచ్చింది ఆ తర్వాత ఆరు వారాలకే.

ఇవాళ మన అమ్మో అత్తయ్యో వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుని, దాని దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం కూడా వేసుకుంటున్నారంటే, ఆ రెండు మాత్రల వెనకా ఆ భీమవరం బిడ్డ కృషి ఉందన్నమాట.

ఇంకోసారి చెబుతున్నాం: వారానికోసారి. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ రోజూ వేసుకునే మందు కాదు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలమీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ మాత్రల డబ్బా మీరే ఒకసారి చూడండి. ఏ వారం వేసుకోవాలో సీసా మీద తెలుగులో రాసి అతికించండి. "శనివారం మాత్ర" అని పేరు పెట్టుకుంటే మరచిపోరు. క్రమంగా రక్తపరీక్షలు చేయించాలి. మద్యం తగ్గించాలి, వీలైతే మానేయాలి. పిల్లల్ని కనాలనుకునే ఆడపిల్లలు ముందుగానే డాక్టరుకి చెప్పాలి, గర్భంతో ఉండగా ఈ మందు వాడకూడదు.

ఇది చాలకపోతే బయాలజిక్స్ అనే ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి మొదలుపెట్టేముందు క్షయ పరీక్ష తప్పనిసరి. మనలో చాలామందికి చిన్నప్పుడే బీసీజీ టీకా పడింది కాబట్టి చర్మ పరీక్ష తికమక పెడుతుంది. రక్తపరీక్ష చేయమని అడగండి.

జాగ్రత్తలు

షుగరు ఉన్నవాళ్ళు వినండి. స్టిరాయిడ్ ఒక్క కీలులోకి ఇచ్చినా కొంత రక్తంలోకి వెళుతుంది, కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. ఇంజెక్షన్‌కి ముందే మీ షుగరు డాక్టరుతో మాట్లాడండి. ఆ వారం మామూలుకంటే ఎక్కువసార్లు చూసుకోండి. పులిహోర, చక్కెరపొంగలి ఆ వారం కళ్ళకద్దుకుని పక్కన పెట్టినా స్వామివారు ఏమీ అనుకోరు.

రక్తం పల్చబడే మందులు వాడుతున్నవాళ్ళు ముందే చెప్పాలి. మీ అంతట మీరు ఆపవద్దు. ఒంట్లో జ్వరం, పంటి చీము, చర్మం మీద కురుపు ఉంటే ఇంజెక్షన్ వాయిదా వేయాలి. ఇంజెక్షన్ తర్వాత రోజులు గడిచేకొద్దీ ఎరుపు, వాపు, జ్వరం పెరుగుతుంటే వెంటనే ఫోన్ చేయండి. స్టిరాయిడ్ చర్మం కిందకి జారితే ఆ చోట చర్మం తెల్లబారవచ్చు, పల్చబడవచ్చు. మన రంగు చర్మం మీద, అందులోనూ ముఖం మీద అది తెలిసిపోతుంది. చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకొకటి. ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా, మోకాలైనా కన్నైనా, "నోరు పూర్తిగా తెరవలేను, కీళ్ళవాతం ఉంది" అని మత్తు డాక్టరుకి ముందే చెప్పండి. ఈ జబ్బు మెడ ఎముకలనీ బలహీనపరుస్తుంది. మత్తులో గొట్టం వేయడానికి వాళ్ళు వేరే ఏర్పాటు చేసుకుంటారు.

పిల్లల సంగతి

కీళ్ళవాతం పిల్లలకీ వస్తుంది. వాళ్ళలో దవడ నొప్పి లేకుండానే ఎముక ఎదుగుదల ఆగిపోవచ్చు. గడ్డం వెనక్కిపోవడం, ముఖం ఒకవైపుకి వాలడం, నోరు తెరిస్తే దవడ పక్కకి జరగడం గమనించండి. ఎదిగే పిల్లల్లో దవడ ఇంజెక్షన్ చాలా ఆచితూచి ఇస్తారు. ఎదుగుదల కుంటుపడవచ్చు, కీలులో అనవసరమైన ఎముక పెరగవచ్చు. పిల్లల రుమటాలజిస్టు లేకుండా ఆ నిర్ణయం తీసుకోవద్దు.

ఇన్‌షూరెన్స్ చిక్కు

దవడ నోట్లో ఉందా, ఒంట్లో ఉందా అన్నది ఈ దేశంలో ఇంకా తేలని ప్రశ్న! డెంటల్ ఇన్‌షూరెన్స్ వాళ్ళు మెడికల్‌కి పంపమంటారు, మెడికల్ వాళ్ళు డెంటల్‌కి పంపమంటారు. దవడ జబ్బుల రోగులు వైద్యానికీ దంతవైద్యానికీ మధ్య ఇరుక్కుపోతున్నారని 2020లో నేషనల్ అకాడమీస్ నివేదికే చెప్పింది. మిన్నెసోటా, టెక్సాస్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో దవడ కీలు వైద్యానికి సంబంధించి చట్టాలు ఉన్నాయి. మీ రాష్ట్రంలో ఏముందో, మీ పాలసీకి అది వర్తిస్తుందో అడగండి.

మా సలహా ఇది. "ఈ రోగికి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉంది, ఆ జబ్బు పట్టిన కీళ్ళలో దవడ ఒకటి" అని రుమటాలజిస్టు చేత ఉత్తరం రాయించండి. ఇంజెక్షన్‌కి ముందే అనుమతి తెప్పించుకోండి. ఆ ఉత్తరం ప్రతి, ఎమ్మారై రిపోర్టు, మందుల జాబితా ఒకే ఫైల్లో పెట్టి, డెంటిస్టుకీ డాక్టరుకీ ఇద్దరికీ ఇవ్వండి. ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రుల ప్రయాణ బీమా ముందునుంచీ ఉన్న జబ్బులకు సాధారణంగా పనికిరాదు. కాబట్టి వాళ్ళు బయల్దేరేముందే అక్కడ డాక్టరుకి చూపించి, ఉండే నెలలకి సరిపడా మందులు, చీటీతో సహా తెచ్చుకోమనండి.

ఇంట్లో చేయగలిగింది

ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు మెత్తటి ఆహారం: ఇడ్లీ, పప్పన్నం, పెసరకట్టు, రాగి జావ, బాగా ఉడికిన కూర. చెరకు ముక్కలు, జంతికలు, మాగాయ టెంక తర్వాత చూద్దాం. కానీ మెత్తటి తిండి పేరుతో మాంసకృత్తులు తగ్గకూడదు. పప్పు, పెరుగు, పనీరు, తినేవాళ్ళయితే గుడ్డు ఉండాలి. ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టండి. డాక్టరు సరేనన్నాక, నొప్పి తగ్గిన రోజుల్లోనే నోరు తెరిచే వ్యాయామం మొదలుపెట్టాలి. ఇంజెక్షన్ ఇచ్చిన అవకాశాన్ని వాడుకోవడమంటే అదే. నోరు సరిగా తెరుచుకోనివాళ్ళు చిన్నపిల్లల బ్రష్షు వాడండి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు కూడా ఎక్కువ. దంతాల శుభ్రత మానకూడదు.

సభలో అడిగిన ప్రశ్నలు

నూనె మర్దన, ఆయుర్వేదం చేయించవచ్చా? గోరువెచ్చటి నూనెతో చెంప కండరాలు మెల్లగా రాయడం వల్ల నష్టం లేదు, హాయిగా ఉంటుంది. పేరు లేని పొడులు, మాత్రలతో మాత్రం జాగ్రత్త. అలాంటి వాటిలో స్టిరాయిడ్ కలిపిన సందర్భాలు ఉన్నాయి. ఏం వాడుతున్నా డాక్టరుకి చూపించండి.

హయాలురానిక్ ఆమ్లం, పీఆర్‌పీ, బొటాక్స్ సంగతేమిటి? మొదటిదానికి ఎఫ్‌డీఏ ఆమోదం మోకాలి అరుగుదలకే ఉంది, దవడకి లేదు. పీఆర్‌పీ కీళ్ళవాతపు దవడకి పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. బొటాక్స్ కండరం మీద పనిచేస్తుంది, కీలు లోపలి వాపు మీద కాదు. వేల డాలర్లు చేతినుంచి పెట్టేముందు రెండో అభిప్రాయం తీసుకోండి.

ఇంజెక్షన్‌కి ముందు డాక్టరుని ఏం అడగాలి? నాలుగు ప్రశ్నలు. కీలులో ఇప్పుడు వాపు ఉందని దేన్నిబట్టి చెబుతున్నారు? నా అసలు మందు సరిపోతోందా? ఇలాంటివి మీరు తరచుగా ఇస్తుంటారా? ఇది పనిచేయకపోతే తర్వాత ఏమిటి?

ఇవాళ ఇంటికి వెళ్ళాక భోజనం దగ్గర మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఒకసారి గమనించండి. "ఆకలిగా లేదు" అంటే, "నమలడం కష్టంగా ఉందా అమ్మా?" అని అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

మేము చెప్పినది సాధారణ అవగాహన కోసమే. మీ వైద్యం మీ డాక్టరుతో మాట్లాడే నిర్ణయించుకోండి.  సర్వే జనాః సుఖినో భవంతు.